సొల్యూషన్ ఆరేలోగా

నిన్న సాయంత్రం మా అమ్మాయి సైకిల్ వెనక చక్రం పంక్చర్ అయింది. టైరు ఒక పక్క ఊడదీసి ట్యూబు బయటికి లాగాను. అటక మీద నుంచి పాత రేకు డబ్బా దించాను. అందులోవన్నీ ఎప్పుడో ఎండిపోయి ఉంటాయని ముందే కొత్త సొల్యూషన్ తెచ్చి పెట్టుకున్నాను. మూత తిరగేసి, దాని కొనతో సొల్యూషన్ ట్యూబు మూతి పొడిచాను. వాసన గుప్పుమంది.

రబ్బరు, పెట్రోలు కలిసినట్టుండే వాసన. ముక్కులో ముందు చల్లగా తగిలి తర్వాత కాస్త మత్తుగా ఉంటుంది. పాతికేళ్ళ కింద ఒక రోడ్డు పక్కన, మైలురాయి నీడలో, చేతులు నల్లగా చేసుకుని కూర్చున్న అమ్మ కనిపించింది.

అమ్మ, నేను కలిసి ఒకసారి సైకిళ్ళ మీద దూర ప్రయాణం చేశాం. 18 రోజులు, వెయ్యి కిలోమీటర్లకు కొంచెం పైన. ఒక నదిని పట్టుకుని ఎగువకు వెళ్ళి, కనుమ ఎక్కి, అవతలి వైపు దిగి సముద్రం దాకా. అప్పుడు అమ్మకు 54, నాకు 27. "నీ వయసు సరిగ్గా నా వయసులో సగం. ఇది మళ్ళీ ఎప్పుడూ రాదు" అంది బయల్దేరేముందు. ఆమె సైన్సు టీచరు. లెక్క కుదిరిందంటే సంతోషించే మనిషి.

* * *

నాకు తెలిసిన మొదటి సైకిల్ అమ్మదే. దాని వెనక క్యారియర్ మీద కూర్చుని రోజూ ఆమెతో బడికి వెళ్ళేవాణ్ణి. నాకు రోడ్డు కనిపించేది కాదు, అమ్మ వీపు కనిపించేది. గుంత వస్తుందంటే ఆమె భుజాలు ముందే బిగుసుకునేవి. ఎత్తు వస్తే నడుము అటూ ఇటూ ఊగేది. పల్లంలో పెడల్ ఆపేస్తే ఫ్రీవీల్ టకటకమని మోగేది. కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో ఆ చప్పుళ్ళను బట్టి చెప్పగలిగేవాణ్ణి. "కాళ్ళు దూరంగా పెట్టుకో" అని మాత్రం ప్రతి మలుపులో అనేది. పుల్లల్లో కాలు ఇరుక్కుంటుందని ఆమెకు ఎప్పుడూ భయమే.

చీకటి పడ్డాక తిరిగొచ్చే రోజులంటే నాకు మరీ ఇష్టం. డైనమోను టైరుకు ఆనించేది. గుర్రుమని ఒకటే మోత. జోరుగా తొక్కితే లైటు తెల్లగా వెలిగేది, నెమ్మదిస్తే పచ్చగా మారి, ఆగితే ఆరిపోయేది. "లైటు ఎందుకు ఆరిందో చెప్పు" అనేది. నేను ఆలోచించేలోపు మళ్ళీ తొక్కేది, మళ్ళీ వెలిగేది. తిప్పితేనే కరెంటు పుడుతుందని పాఠంలో చదవక ముందే నాకు తెలుసు.

తొక్కడం నేర్పినప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తేది. "చక్రాన్ని చూడకు, నువ్వు వెళ్ళాల్సిన చోటు చూడు." ఎప్పుడు వదిలేసిందో తెలియదు. చాలా దూరం వెళ్ళాక వెనక అడుగుల చప్పుడు లేదని గమనించాను. తిరిగి చూశాను, పడ్డాను. మోకాలికి తగిలిన దెబ్బ కంటే ఆమె అంత దూరంలో అంత చిన్నగా నిలబడి ఉండటమే గుర్తుంది.

* * *

"ఒరేయ్, సెలవుల్లో సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను. నువ్వు రాకపోయినా వెళ్తాను. వస్తే బాగుంటుంది" అని ఒకరోజు ఫోనులో అంది. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్ళయింది. ఇద్దరం కలిసి వారం రోజులు గడిపింది కూడా లేదు. ఆమెను ఒంటరిగా పంపడం ఇష్టంలేక వస్తానన్నాను. ఆమెకు నేను తోడుగా వెళ్తున్నానన్నదే నా మనసులో ఉంది.

ఏర్పాట్లన్నీ ఆమెవే. స్కేలు పెట్టి చైను కొలిచింది. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం ఉంటుంది. 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చినా మార్చేయాలి, లేకపోతే పళ్ళ చక్రాలను కూడా తినేస్తుందని చెప్పింది. నాది మార్చాల్సి వచ్చింది. సీటు మీద కూర్చోబెట్టి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనించమంది. కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ళ దగ్గరి మెత్తతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. "సీటు దించుకుంటే హాయిగా ఉన్నట్టుంటుంది. మూడోరోజు మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది" అంది.

ఫోనులో దారి చూసుకునే రోజులు కావవి. కాగితం మ్యాపును ఆ రోజుకు కావలసిన మేరకు మడిచి, హ్యాండిల్ ముందు సంచి మీద ప్లాస్టిక్ కవరులో పెట్టుకునేది. మడతలు పడ్డ చోట గీతలు చెరిగిపోయేవి. ఆ చెరిగిన చోట్లలోనే మాకు సరిగ్గా మలుపులు వచ్చేవి. ఒక సన్నటి నోటు పుస్తకం కూడా ఉండేది. రోజుకో పేజీ. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని పంక్చర్లు, గాలి ఎటు నుంచి. గాలికి మాత్రం చిన్న బాణం గుర్తు వేసేది.

* * *

రెండోరోజే నా ముందు చక్రం పంక్చర్ అయింది. దగ్గర్లో నీళ్ళు లేవు. అమ్మ ట్యూబులో గాలి కొట్టి, దాన్ని చెంప పక్కన మెల్లగా తిప్పుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. "ఇక్కడ." చెవికి వినపడనిది చెంపకు తెలుస్తుందట. గరుకు కాగితంతో రుద్దింది, సొల్యూషన్ రాసింది. నాకేమో ఎండ, ఇంకా ముప్పై కిలోమీటర్లు పోవాలనే టెన్షన్. ప్యాచ్ తీసుకుని తడి మీదే అంటించేశాను. అమ్మ ఏమీ అనలేదు. బిగించి, గాలి కొట్టి, రెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో మళ్ళీ మెత్తబడింది. విప్పి చూస్తే ప్యాచ్ పక్కకు జారిపోయి ఉంది.

ఈసారి ఆమె ముందు టైరు లోపలంతా వేలితో తడిమింది. ముల్లు ఇంకా అక్కడే ఉంది. నేను అది కూడా చూడలేదు. ముల్లు తీసి, మళ్ళీ సొల్యూషన్ రాసి, ట్యూబును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇది బంక కాదురా. తడి పోవాలి, మెరుపు తగ్గాలి. అప్పుడు పట్టుకుంటే రబ్బరూ రబ్బరూ ఒకటైపోతాయి. అప్పటిదాకా చేసేదేం లేదు. కథ చెప్పనా?"

బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అని ఒక పశువైద్యుడు ఉండేవాడు. ఆయన కొడుక్కి మూడు చక్రాల సైకిల్ ఉండేది. అప్పటి చక్రాలకు గట్టి రబ్బరే. గతుకుల్లో పిల్లవాడి ఒళ్ళంతా అదిరిపోయేది. తండ్రి పల్చటి రబ్బరు గొట్టంలో గాలి నింపి, గుడ్డ చుట్టి, చక్రాలకు బిగించాడు. 1888లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన ఇలాంటి గాలి చక్రానికే పేటెంట్ పొందాడని తర్వాత తేలి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. "పేటెంట్ పోతే పోయింది. పిల్లవాడి నడుం నొప్పి తగ్గింది కదా" అంది అమ్మ. కథ అయ్యేసరికి సొల్యూషన్ ఆరింది. ఆ ప్యాచ్ సముద్రం దాకా వచ్చింది.

* * *

మొదటి నాలుగు రోజులు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నాది వేగం ఎక్కువ. ముందుకు వెళ్ళిపోయి ఏ చెట్టు కిందో ఆగేవాణ్ణి. నీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని, పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. అమ్మ వచ్చేది. రాగానే "పదా" అని లేచేవాణ్ణి. ఆమె ఊపిరి తీసుకునేలోపే సైకిల్ ఎక్కేసేవాణ్ణి. ఆమె కోసం ఎంతో ఓపికగా ఆగుతున్నానని నా నమ్మకం.

నాలుగో సాయంత్రం నోటు పుస్తకం రాసుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "నువ్వు ఇవాళ తొమ్మిదిసార్లు విశ్రాంతి తీసుకున్నావు. నేను ఒక్కసారి కూడా తీసుకోలేదు."

గొంతులో కోపం లేదు. పేజీలో తొమ్మిది గీతలు ఉన్నాయి. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇద్దరు కలిసి దూరం వెళ్ళేటప్పుడు నెమ్మదిగా వచ్చే మనిషి ఇలా నలిగిపోవడం నేను తర్వాత చాలామందిలో చూశాను. నన్ను సలహా అడిగిన ప్రతివాళ్ళకీ ఈ మాటే చెప్తాను: వెనక మనిషి చేరాకే విశ్రాంతి మొదలైనట్టు లెక్క.

మర్నాడు ఇంకో పొరపాటు జరిగింది. దారి రెండుగా చీలిన చోట నేను ఎడమకు వెళ్ళాను. ఆమె చూసి ఉంటుందనుకున్నాను. చూడలేదు, కుడికి వెళ్ళింది. ఫోన్లు చేతిలో లేని కాలం. వెనక్కి వచ్చాను, లేదు. ముందుకు వెళ్ళాను, లేదు. రెండు గంటలు. ఎదురైన ప్రతి లారీ వెనకా ఏదేదో ఊహించుకున్నాను. చివరికి చీలిక దగ్గరికి తిరిగొస్తే అక్కడ, గట్టు మీద, సైకిల్ పక్కన కూర్చుని ఉంది. "ఆఖరుసారి ఇద్దరం కలిసున్న చోటుకి వస్తావని వచ్చి కూర్చున్నాను" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "మ్యాపులో ఇక్కడే మడత పడింది చూడు" అంది. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. మలుపు దగ్గర ముందున్నవాళ్ళు వెనకవాళ్ళు కనిపించేదాకా కదలకూడదు. తప్పిపోతే ఆఖరుసారి కలిసున్న చోటుకి రావాలి.

సామాను కూడా సర్దుకున్నాం. డేరా, పనిముట్లు, పంపు, వంట గిన్నెలు అన్నీ నా సైకిల్ మీదికి వచ్చాయి. ఆమె మొదట ఒప్పుకోలేదు. "నాకోసం కాదమ్మా, నా వేగం తగ్గడానికి" అన్నాను. దానికి మాత్రం వెంటనే ఒప్పుకుంది. బరువు మారాక, ఎత్తుల్లో కూడా, ఇద్దరం ఒకే తీరున వెళ్ళాం. ఆమెను ముందు పెట్టి నేను వెనక ఉండేవాణ్ణి. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే వీపు. గుంత రాబోతుంటే ముందే బిగుసుకునే అవే భుజాలు.

* * *

నది లోయ వెడల్పయిన చోట మూడు రోజులు ఎదురుగాలి. కొండ ఎక్కితే కనీసం పైకి చేరామనే తృప్తి ఉంటుంది, గాలికి అదీ లేదు. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడదు. అమ్మ మొదటి పూట లెక్క చెప్పింది. "మనం గంటకు 15 కిలోమీటర్లు వెళ్తున్నాం. గాలి కూడా 15తో ఎదురొస్తోంది. ఒంటికి తగిలే గాలి వేగం రెండింతలు. వెనక్కి నెట్టే బలం మాత్రం నాలుగింతలు." అందుకే ఒకరు ముందుండి గాలి కాయాలి, ఇంకొకరు దగ్గరగా వెనక ఉండాలి. వెనక ఉన్నవాళ్ళకు శ్రమ బాగా తగ్గుతుంది. మొత్తం నేనే ముందుంటానన్నాను. రెండు గంటలయ్యాక నా కాళ్ళు మొద్దుబారాయి, ఉంగరం వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కాయి. హ్యాండిల్ మీద బరువంతా వేస్తే అరచేతి అంచున ఉన్న నరం నొక్కుకుంటుందట. అమ్మ పక్కకు వచ్చి, "చేతులు మార్చి మార్చి పట్టుకో. ఇప్పుడు వెనక్కి రా" అని ముందుకు వెళ్ళింది.

ఆమె ఒంటి చాటున నాకు గాలి తగ్గింది. చెవుల్లో హోరు తగ్గి, చైను చప్పుడు వినిపించింది. 54 ఏళ్ళ మనిషి, నాకంటే జానెడు పొట్టి. తల వంచుకుని, ఒకే లయలో, ఎక్కడా జోరు పెంచకుండా, తగ్గించకుండా తొక్కుతోంది. తోడుగా వచ్చానని నేను అనుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా ఆమెకు వినపడదు. వెయ్యి తొక్కుళ్ళకు ఒకసారి చెయ్యి ఊపేది, మార్చుకునేవాళ్ళం.

* * *

కనుమ దగ్గర ఆమె దిగి నడిచింది. వంద అడుగులు తోయడం, ఆగడం. నేనూ దిగాను. నువ్వు తొక్కుకుంటూ వెళ్ళరా అని రెండుసార్లు చెప్పి మానేసింది. నడుస్తూ మాట్లాడుకున్నాం. ప్రయాణం మొత్తంలో ఎక్కువ మాట్లాడుకుంది ఆ పదకొండు కిలోమీటర్లలోనే.

డెర్వ్లా మర్ఫీ సంగతి అక్కడే చెప్పింది. ఐర్లండ్ అమ్మాయి. పదో పుట్టినరోజుకి పాత సైకిల్, అట్లాస్ బహుమతిగా వచ్చాయి. ఆ సైకిల్ మీద ఇండియా దాకా వెళ్ళాలని అప్పుడే అనుకుంది. కానీ తల్లి మంచంలో ఉండటంతో 14 ఏళ్ళకే చదువు మానేసి ఇంట్లో ఉండిపోయింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక, 1963 చలికాలంలో, మంచులో బయల్దేరి ఢిల్లీ చేరింది. "పదేళ్ళప్పుడు అనుకున్నది ముప్పై దాటాక చేసింది. మధ్యలో ఒక్కరోజు కూడా మర్చిపోయి ఉండదు" అంది అమ్మ. కాసేపయ్యాక, తన గురించి అడగకుండానే, "నేను నీ వయసులో అనుకున్నాను" అంది. అంతే. సగం వయసు లెక్క ఆమె ఎందుకు వేసిందో నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత మర్ఫీ తన చిన్న కూతుర్ని కూడా వెంటబెట్టుకుని దేశాలు తిరిగింది. 2022లో ఆవిడ పోయారని వార్త వస్తే అమ్మకు చదివి వినిపించాను. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

దిగేటప్పుడు నా వెనక చక్రంలో టింగుమని మోగింది. పుల్ల తెగింది. బరువంతా నా మీద ఉంది కదా, వెనక చక్రం కుడి పక్కన, పళ్ళ చక్రాలున్న వైపే తెగింది. ఎక్కువ బిగువు ఉండేది ఆ వైపే. ఫ్రీవీల్ విప్పే పనిముట్టు మా దగ్గర లేదు. అమ్మ తెగిన ముక్కను పక్క పుల్లకు చుట్టి, అటూ ఇటూ ఉన్న పుల్లలను పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ బిగిస్తూ, చక్రాన్ని తిప్పి చూస్తూ, బెండు చాలావరకు తీసేసింది. బ్రేకు కొంచెం తగులుతుంటే దాన్ని వదులు చేసింది. "ముందు బ్రేకు మెల్లగా వాడు. ఒకే పట్టు పట్టి ఉంచకు, రిమ్ము కాలిపోతుంది. పట్టు, వదులు, పట్టు, వదులు." కిందికి వచ్చేదాకా వెనక నుంచి ఆ మాటే అంటూ ఉంది.

సముద్రం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మధ్యాహ్నం చేరాం. మబ్బుగా ఉంది. సైకిళ్ళు ఇసుకలోకి తేవద్దు, చైనులో పడుతుంది అని అమ్మ గట్టు మీదే నిలబెట్టించింది. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత ఇసుకలో పడుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని నోటు పుస్తకంలో ఆ రోజు పేజీ రాశాను. గాలి బాణం వేయడం కూడా మర్చిపోలేదు.

తిరుగు ప్రయాణానికి సైకిళ్ళు పెట్టెల్లో సర్దుతుంటే ఎడమ పెడల్ ఎంత తిప్పినా రాలేదు. ఇంకా బిగుసుకుపోతోంది. అమ్మ నా చేతిలో స్పానర్ తీసుకుని రెండో వైపు తిప్పింది. "ఎడమది ఎదురు మర. తొక్కేకొద్దీ ఊడిపోకుండా అలా చేశారు."

* * *

నిన్న ఈ డబ్బాలో నోటు పుస్తకం కూడా ఉంది. అట్ట మీద గ్రీజు వేలిముద్ర ఉంది, నాదో ఆమెదో తెలియదు. తొమ్మిది గీతల పేజీ తీశాను. గీతలు నేననుకున్నంత పెద్దగా లేవు, పెన్సిలుతో సన్నగా, పేజీ అంచున ఉన్నాయి.

అమ్మ సైకిల్ మానేసి ఆరేళ్ళు దాటింది. మోకాళ్ళు సహకరించడం లేదు. లోపలి గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. వాసన ఆమె దాకా వెళ్ళినట్టుంది.

"టైరు లోపల తడిమావా?" అంది అక్కడి నుంచే.

"తడిమానమ్మా. గాజు పెంకు ఉంది, తీసేశాను."

"ఆరిందా?"

వేలి వెనక వైపుతో అంచు ముట్టుకుని చూశాను. ఇంకా మెరుస్తోంది.

"ఇంకా లేదు."

మా అమ్మాయి చెయ్యి ప్యాచ్ మీదికి వెళ్ళింది. "ఇంకా ఎంతసేపు నాన్నా? అంటించేయొచ్చు కదా!"

లోపలి నుంచి కుర్చీ కిర్రుమంది. అమ్మ మెల్లగా, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. దాన్ని పక్కన కూర్చోమని సైగ చేసి, తనూ గడప మీద జాగ్రత్తగా కూర్చుంది.

"బెల్‌ఫాస్ట్ అని ఒక ఊరుంది. అక్కడ పశువుల డాక్టరు ఒకాయన ఉండేవాడు" అంది.